కాలనీ పార్కు కాగితం నుంచి పాత ఇంటి ఈసీ దాకా: హైదరాబాద్‌లో పబ్లిక్ రికార్డులు వెతికి తీసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఏ కాలనీకి పోయినా ఏదో ఒక ఖాళీ స్థలం మీద గొడవ ఉంటది. పాతోళ్ళు అది పార్కు అంటారు, ఇంకెవరో వచ్చి నా దగ్గర డాక్యుమెంట్ ఉంది అంటారు, మధ్యలో ఒక రాత్రి రేకుల షెడ్ లేస్తది. అప్పుడు అసోసియేషన్ వాళ్ళు అందరికీ ఫోన్లు చేస్తారు, కార్పొరేటర్ దగ్గరికి పోతారు, కానీ చేతిలో కాగితం ఉండదు. ఆ కాగితం నిజానికి ఏదో ఒక ఆఫీసులో ఉండే ఉంటది, దాన్ని చూసే హక్కు, కాపీ తీస్కునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది. ఆ పార్కు కేసునే ఉదాహరణగా పట్టుకుని మొత్తం పద్ధతి రాస్తున్నా, ఇదే దారిలో ఇల్లు కొనేవాళ్ళు, పక్క బిల్డింగ్‌కి పర్మిషన్ ఉందో లేదో చూసుకునేవాళ్ళు, తాతల నాటి పత్రాలు వెతికేవాళ్ళు కూడా పోవచ్చు.

ముందే ఒక మాట. చాలామంది నేరుగా ఆర్టీఐ పెట్టేస్తారు, "మా కాలనీ పార్కుని ఎందుకు కాపాడట్లేదు" అని అడుగుతారు, దానికి నెల తర్వాత రెండు లైన్ల జవాబు వస్తది, అందులో ఏమీ ఉండదు. ఆర్టీఐలో ప్రశ్నలు అడిగితే పని కాదు, పలానా కాగితం కాపీ ఇవ్వండి అని అడగాలి. ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డునే ఇస్తారు తప్ప మీకోసం కొత్తగా వివరణ తయారుచేసి ఇవ్వాల్సిన పని వాళ్ళకి లేదు, సుప్రీంకోర్టు కూడా 2011లో ఇదే చెప్పింది. అంటే ఆ కాగితం పేరేంటి, ఎవరి దగ్గర ఉంటది, ఏ నంబర్ మీద దొరుకుతది అనేది ముందు మనం తెల్సుకోవాలి, సగం కష్టం అక్కడే.

మొదట నంబర్లు పోగేయండి

కాలనీ పేరుతో ఏ రికార్డూ దొరకదు. ఆఫీసు రికార్డులన్నీ రెవెన్యూ గ్రామం, సర్వే నంబర్, లేఅవుట్ పర్మిట్ నంబర్, డాక్యుమెంట్ నంబర్ మీద నడుస్తాయి. ఇవన్నీ మీ ఇంటి సేల్ డీడ్‌లోనే ఉంటాయి, చివర్లో షెడ్యూల్ అని ఉంటది చూడండి, అందులో సర్వే నంబర్లు, ప్లాట్ నంబర్, నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటాయి. పార్కు పక్కన ప్లాట్ వాళ్ళ డీడ్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్ళ హద్దుల్లో "తూర్పు: పార్కు" అనో "ఉత్తరం: ఓపెన్ స్పేస్" అనో రాసి ఉంటది, అదే ఒక బలమైన సాక్ష్యం. అట్లాంటి డీడ్లు నాలుగు దిక్కుల నుంచీ తెచ్చుకోండి.

పాత సిటీ లోపలి ఏరియాల్లో సర్వే నంబర్ బదులు టౌన్ సర్వే నంబర్ ఉంటది, టీఎస్ నంబర్ అంటారు, దానితోపాటు వార్డు, బ్లాక్ కూడా రాసుకోవాలి. ఆ వివరాలుండే రిజిస్టర్‌ని టీఎస్ఎల్ఆర్ అంటారు. ప్రభుత్వ స్థలమా ప్రైవేటా అనే గొడవ వస్తే చాలాసార్లు ఈ రిజిస్టర్‌లో ఉన్న ఎంట్రీ చుట్టూనే తిరుగుతది.

ఇంకోటి, జీహెచ్ఎంసీ ప్రాపర్టీ టాక్స్ నంబర్, పీటీఐఎన్ అంటారు, అది కూడా రాసిపెట్టుకోండి. కానీ టాక్స్ రసీదు ఉన్నంత మాత్రాన ఓనర్ అయిపోరు. పార్కులో షెడ్ వేసినోళ్ళు ముందు చేసే పని టాక్స్ కట్టడం, కరెంట్ మీటర్ తెచ్చుకోవడం. అవి చూపిస్తే భయపడకండి.

ఏ ఆఫీసు

ఇక్కడే ఎక్కువమంది తిరిగి తిరిగి అలసిపోతారు. ఎందుకంటే ఇప్పుడు జీహెచ్ఎంసీలో ఉన్న ఏరియా అప్పట్లో జీహెచ్ఎంసీ కాదు. జీహెచ్ఎంసీ ఏర్పడింది 2007 ఏప్రిల్‌లో, అప్పటిదాకా ఉన్న హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి చేశారు. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, శేరిలింగంపల్లి, ఉప్పల్, మల్కాజిగిరి, అల్వాల్, కుత్బుల్లాపూర్, రాజేంద్రనగర్ ఇవన్నీ అప్పట్లో సొంత మునిసిపాలిటీలు. కాబట్టి 1990ల్లో వేసిన లేఅవుట్ అయితే దాని ఫైల్ పాత మునిసిపాలిటీ పేరు మీద ఉంటది, ఇప్పుడు ఆ సర్కిల్ ఆఫీసు రికార్డ్ రూంలో ఉండాలి.

పెద్ద లేఅవుట్లకి అప్రూవల్ ఇచ్చింది ఎక్కువగా హుడా, అంటే అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ. అది 1975లో మొదలైంది, 2008లో హెచ్ఎండీఏ అయింది, హుడా ఫైళ్ళు కూడా ఇప్పుడు హెచ్ఎండీఏ దగ్గరే, ఆఫీసు అమీర్‌పేట స్వర్ణజయంతి కాంప్లెక్స్. ఇక పంచాయతీ లేఅవుట్లు వేరే కథ, సర్పంచ్ సంతకంతో వేసినవి చాలా ఉన్నాయి, వాటికి పంచాయతీ రికార్డు తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు, అట్లాంటప్పుడు రిజిస్ట్రేషన్ రికార్డుల మీదే ఆధారపడాలి.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏరియా వాళ్ళు గుర్తుపెట్టుకోండి, మీ బోర్డు రక్షణ శాఖ కిందికి వస్తది, అది కేంద్రం. మీ ఆర్టీఐ కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు, అప్పీల్ కూడా ఢిల్లీ కమిషన్‌కి పోతది, రాష్ట్ర కమిషన్‌కి కాదు.

పార్కు కేసులో మీకు కావాల్సిన కాగితాలు ఇవి: అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాన్ సర్టిఫైడ్ కాపీ, దాని ప్రొసీడింగ్స్ లెటర్ (అప్రూవల్ ఇచ్చిన ఉత్తర్వు), పార్కునీ రోడ్లనీ లోకల్ బాడీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, జీహెచ్ఎంసీ పార్కుల జాబితాలో ఆ స్థలం ఉన్న పేజీ. మొదటి రెండూ హెచ్ఎండీఏ, మూడోది సబ్ రిజిస్ట్రార్, నాలుగోది జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగం. ఒక్కో ఆఫీసుకి ఒక్కో అప్లికేషన్ పెట్టండి, అన్నీ ఒకే కాగితం మీద రాస్తే ఒకరి మీద ఒకరు తోసేస్తారు.

అడగక ముందే దొరికేవి

ఇంట్లో కూర్చుని చూస్కునేవి చాలా ఉన్నాయి, ఇవి అయ్యాకే ఆఫీసుకి పోండి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో అకౌంట్ చేస్కుని లాగిన్ అయితే 1983 నుంచి ఇప్పటిదాకా ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు కనిపిస్తాయి. అంతకంటే పాతది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి పాత ఇండెక్స్ పుస్తకాల్లో వెతికించుకోవాలి.

ఈసీ వెతికేటప్పుడు కొంచెం ఓపిక కావాలి. డాక్యుమెంట్ నంబర్ తెలిస్తే దాంతో వెతకడం బెస్ట్, ఆ నంబర్, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసో ఇస్తే దానికి లింకున్నవి కూడా వస్తాయి. నంబర్ తెలీకపోతే గ్రామం, సర్వే నంబర్‌తో వెతకండి, ఒకసారి ప్లాట్ నంబర్‌తో, ఒకసారి ఇంటి నంబర్‌తో, ఒకసారి అవేవీ లేకుండా ఉత్త సర్వే నంబర్‌తో వెతకాలి, ఎందుకంటే ఒక్కో డాక్యుమెంట్ రైటర్ ఒక్కోలా రాశాడు, సర్వే నంబర్ 57 అని ఒకచోట ఉంటే 57/పి అని ఇంకోచోట ఉంటది, అదే స్థలం. ఆఫీసుల పరిధి కూడా ఏళ్ళ తరబడి మారింది, ఇవ్వాళ మీ ఏరియాకి ఉన్న ఆఫీసులో పాత డాక్యుమెంట్ ఉండకపోవచ్చు, మీ సేల్ డీడ్ మీదున్న స్టాంపులో ఏ ఆఫీసు పేరుందో అక్కడ కూడా వెతకండి.

పార్కు కేసులో అయితే ప్లాట్ నంబర్ లేకుండా సర్వే నంబర్ మొత్తానికి ఈసీ తీసి, ఎవరైనా ఆ పార్కు స్థలానికి దొంగ నంబర్ వేసి అమ్మారా అని ఒక్కో లైను చదవాలి. లేఅవుట్‌లో 120 ప్లాట్లు ఉంటే ఈసీలో 121, 122 కనిపించాయనుకోండి, అక్కడే పట్టుకోవాలి. విసుగొచ్చే పనే, కానీ కేసు మొత్తం ఇందులోంచే బయటపడొచ్చు, నలుగురు కూర్చుని పంచుకుని చదవండి.

ఈసీలో కనపడనివి కూడా తెలిసుండాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వారసుల తగాదాలు, టాక్స్ బాకీలు ఇవేవీ అందులో ఉండవు. వీలునామా వేరే పుస్తకంలో రాస్తారు కాబట్టి అదీ రాదు. ఈసీ క్లీన్‌గా ఉంది అంటే రిజిస్ట్రేషన్ లెక్కలో క్లీన్ అని మాత్రమే.

అదే రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22-ఎ నిషేధిత ఆస్తుల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా ఉంటది, మీ సర్వే నంబర్ అందులో ఉందేమో చూడండి. వ్యవసాయ భూమిగా ఉన్న సర్వే నంబర్ అయితే భూభారతి పోర్టల్, ఇంతకుముందు 2020 నుంచి ధరణి ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో ఇది వచ్చింది. దగ్గర్లో చెరువుంటే హెచ్ఎండీఏ చెరువుల సైట్‌లో ఎఫ్టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు) మ్యాపులు సర్వే నంబర్లతో సహా పెట్టారు. 2012 జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, చిన్న చెరువులు, కుంటలు అయితే 9 మీటర్లు. ప్లాట్ కొనేవాళ్ళు ఇది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, దయచేసి.

కోర్టు కేసులు ఈకోర్ట్స్ సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. ఎదుటివాళ్ళ పేరు రెండు మూడు స్పెల్లింగులతో కొట్టండి. కోర్టు ఫైల్లోని కాగితాలు కావాలంటే ఆర్టీఐ కాదు, ఆ కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి.

సర్టిఫైడ్ కాపీ

ఈసీలో గిఫ్ట్ డీడ్ నంబర్ దొరికింది అనుకుందాం. ఇప్పుడు దాని సర్టిఫైడ్ కాపీ కావాలి, మన దగ్గర సీసీ అంటారు. దీనికి ఆర్టీఐ అవసరమే లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి డాక్యుమెంట్లు ఉండే బుక్ 1 ఎవరైనా చూడొచ్చు, ఫీజు కట్టి ఎవరైనా కాపీ తీస్కోవచ్చు, ఓనరే అయ్యుండాలని లేదు. ఎవరైనా "నువ్వు పార్టీ కాదు కదా ఎట్లిస్తాం" అంటే మర్యాదగా ఈ సెక్షన్ చెప్పండి. వీలునామాలుండే బుక్ 3, ఇతరత్రా డాక్యుమెంట్లుండే బుక్ 4 మాత్రం అట్లా అందరికీ ఇవ్వరు.

జిరాక్స్‌కీ సీసీకీ చాలా తేడా ఉంది, చెరువులు, పార్కుల కబ్జాలు తీసేసే ప్రభుత్వ సంస్థ హైడ్రాకి కంప్లైంట్ ఇచ్చినా, కోర్టుకి పోయినా సీల్, సంతకం ఉన్న కాపీకే విలువ. లేఅవుట్ ప్లాన్ కూడా అంతే, బిల్డర్ ఇచ్చిన రంగుల బ్రోషర్ ప్లాన్‌కి ఏ విలువా లేదు.

పాత భూమి రికార్డులు, అంటే గ్రామ నక్షా (ఊరి మ్యాపు), టిప్పన్ (సర్వే కొలతల స్కెచ్), సేత్వార్ (పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్) లాంటివి కావాలంటే నారాయణగూడలో సర్వే శాఖ ఆఫీసు ఉంది. నిజాం కాలం కాగితాలు చాలావరకు తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, ఎక్కువగా ఉర్దూ, ఫార్సీలో ఉంటాయి కాబట్టి చదవగలిగే మనిషిని తోడు తీస్కుపోండి. ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరు మీద ఉందో రాసిన పాత రికార్డు, 1954-55 నాటిది, తెలంగాణలో భూమి తగాదా అంటే లాయర్లు ముందు అడిగే కాగితాల్లో అదొకటి.

ఆర్టీఐ ఎట్లా రాయాలి

ఇవన్నీ అయ్యాక ఇంకా దొరకనివాటికి ఆర్టీఐ. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు, ఇంగ్లీషులో ఉండాలని ఏమీ లేదు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2)లో స్పష్టంగా ఉంది. మునిసిపల్ కార్పొరేషన్‌కి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసుకి 5, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. కోర్టు ఫీ స్టాంపు అతికించడం సులువు. తెల్ల రేషన్ కార్డు వాళ్ళు దాని కాపీ పెడితే ఫీజు లేదు. జిరాక్స్ కాపీలకి పేజీకి 2 రూపాయలు, ప్లాన్లకి వాళ్ళు చెప్పినంత.

నమూనా ఇట్లా ఉంటది:

"ప్రజా సమాచార అధికారి గారికి, టౌన్ ప్లానింగ్ విభాగం, పలానా సర్కిల్ ఆఫీసు, జీహెచ్ఎంసీ. విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. పలానా గ్రామం, సర్వే నంబర్ పలానా, లేఅవుట్ పర్మిట్ నంబర్ పలానాలో పార్కుగా చూపిన స్థలానికి సంబంధించి ఈ కింది రికార్డుల సర్టిఫైడ్ కాపీలు ఇవ్వగలరు. 1. ఆ స్థలంలో నిర్మాణానికి 2015 జనవరి నుంచి ఈ రోజు వరకు ఏవైనా అనుమతులు ఇచ్చి ఉంటే వాటి ఉత్తర్వులు. 2. ఆ స్థలంపై వచ్చిన ఫిర్యాదులు, ఇచ్చిన నోటీసులు, తనిఖీ నివేదికలు. 3. సంబంధిత ఫైల్‌లోని నోట్ షీట్లు. అలాగే సెక్షన్ 2(జె) ప్రకారం ఆ ఫైల్‌ని స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు. ఈ సమాచారం మీ పరిధిలో లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకి బదిలీ చేసి నాకు తెలపగలరు."

ఇందులో నోట్ షీట్లు అనే మాట చాలా ముఖ్యం. ఆ ఫైల్ ఎవరి టేబుల్ మీద ఎన్ని రోజులు ఉంది, కింది ఆఫీసర్ కూల్చమని రాస్తే పైన ఎవరు ఆపారు, అంతా అందులోనే ఉంటది. పరిశీలన అడగడం కూడా మర్చిపోవద్దు, మొదటి గంట ఫ్రీ, ఫైల్ చేతికొస్తే మనకి తెలియని కాగితాలు కూడా కళ్ళ ముందుంటాయి, వాటి పేజీ నంబర్లు రాసుకుని ఆ పేజీల కాపీలు అక్కడే అడగొచ్చు. ఏళ్ళ తరబడి ఉన్న రికార్డు మొత్తం అడగకండి, కాలం, స్థలం బిగించి అడిగితే తప్పించుకోవడానికి సందు ఉండదు.

స్పీడ్ పోస్టులో పంపండి, లేదా ఇన్‌వార్డులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. వాళ్ళు జవాబు ఇవ్వాల్సిన 30 రోజులు ఆ తేదీ నుంచే లెక్క. పేరు బయటికొస్తే ఇబ్బంది అని భయం ఉన్నవాళ్ళు ఇంటి అడ్రస్ బదులు పోస్ట్ బాక్స్ నంబర్ ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. పార్కు కబ్జాల లాంటి వాటిలో ఒక్కరి పేరు మీద కాకుండా కాలనీలో నలుగురైదుగురు వేర్వేరుగా పెట్టడం మంచిది.

పక్క బిల్డింగ్ ప్లాన్ అడిగితే చాలాసార్లు మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) అని ఆపేస్తారు, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టంతో ఆ సెక్షన్‌ని ఇంకా బిగించారు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే మార్పు. అయినా దారి ఉంది. బెడ్‌రూంలు ఎక్కడున్నాయో మనకి అక్కర్లేదు, పర్మిట్ నంబర్, తేదీ, ఎన్ని అంతస్తులకి అనుమతి, సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చారా, ఇవే అడగండి. వ్యక్తిగతం ఉన్న భాగం తీసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) ఉంది, రెండూ అప్లికేషన్‌లోనే రాయండి.

30 రోజులు దాటాక

జవాబు రాకపోయినా, సగమే వచ్చినా ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీల్ వేయాలి, ఫీజు లేదు. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి, సెక్షన్ 7(6), ఇది అప్పీల్‌లో రాయండి. చాలావరకు కాగితాలు ఈ దశలోనే కదులుతాయి, హియరింగ్‌కి పిలిస్తే తప్పకుండా పోండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీల్. తప్పు చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. కాకపోతే తెలంగాణలో 2023 నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేక అప్పీళ్ళు గుట్టలుగా పేరుకుపోయాయి, కాబట్టి అక్కడికి పోయే అవసరం రాకుండా మొదటి అప్లికేషన్‌నే గట్టిగా రాయాలి.

ఈలోపు షెడ్ లేస్తుంటే జవాబు కోసం ఆగకండి. చేతిలో ఉన్న లేఅవుట్ కాపీ, గిఫ్ట్ డీడ్ సీసీ, ఈసీ పెట్టి సోమవారం బుద్ధ భవన్‌లో హైడ్రా ప్రజావాణిలో ఇవ్వండి, జీహెచ్ఎంసీలో కూడా ఇచ్చి నంబర్ తీస్కోండి. ఆ కంప్లైంట్ నంబర్ మీద తర్వాత ఇంకో ఆర్టీఐ వేసి దానిమీద ఏం చేశారో ఫైల్ అడగొచ్చు.

మిగతావి కొంచెం క్లుప్తంగా

జనన మరణ రికార్డులకి ఆర్టీఐ వద్దు, 1969 చట్టం సెక్షన్ 17 ప్రకారం వెతికించి ఎక్స్‌ట్రాక్ట్ తీస్కోవచ్చు, మీసేవలో అప్లై చేస్తే చాలు. పుట్టింది ఏ ఊరి హాస్పిటల్‌లో అయితే రికార్డు అక్కడే, ఇప్పుడు ఉంటున్న చోట కాదు. రికార్డులో లేకపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అడిగి తీస్కోండి, తర్వాత ఆలస్య నమోదుకి అదే కావాలి. ఎఫ్ఐఆర్ అయితే 2016లో సుప్రీంకోర్టు చెప్పాక సున్నితమైన కేసులు తప్ప మిగతావి పోలీసు సైట్‌లో పెట్టాలి, అక్కడ చూడండి.

విజయవాడ, విశాఖ వాళ్ళకి కూడా పద్ధతి ఇదే, పేర్లే మారతాయి. హుడా స్థానంలో అక్కడ వుడా ఉండేది, ఇప్పుడు వీఎంఆర్డీఏ, విజయవాడ వైపు పాత లేఅవుట్లు వీజీటీఎం ఉడా పేరు మీద ఉంటాయి, ఆ ఫైళ్ళు సీఆర్డీఏకి పోయాయి. భూమి రికార్డులకి మీభూమి పోర్టల్, ఈసీకి ఏపీ రిజిస్ట్రేషన్ సైట్.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ప్లాట్ గురించి బెంగపడేవాళ్ళు, భారత పాస్‌పోర్టు ఉంటే మీరే ఆర్టీఐ వేయొచ్చు, విదేశీ పౌరసత్వం తీస్కున్న ఓసీఐ కార్డు వాళ్ళకి ఆ హక్కు లేదు, అప్పుడు ఇక్కడున్న అన్నదమ్ములో స్నేహితులో వాళ్ళ పేరు మీద వేస్తే సరిపోతది. ఈసీ మాత్రం మీరే ఆరు నెలలకోసారి ఆన్‌లైన్‌లో చూస్కుంటూ ఉండండి, మీకు తెలియని డాక్యుమెంట్ నంబర్ కనిపించిన రోజే దాని సీసీకి అప్లై చేయించండి.